నైవేద్యం తరువాతి సంగతి

మారిషస్ దీవి దక్షిణపు ఎత్తుల్లో, సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల పైన, చల్లారిన అగ్నిపర్వతపు గుంటలో నిలిచిన చెరువు ఒకటుంది. పటాల్లో దాని పేరు గ్రాండ్ బాసిన్. చెరకు తోటల్లో పనికి వెళ్లిన భారతీయుల సంతతికి అది గంగా తలావ్. త్రియోలే ఊరి పూజారి ఝుమ్మన్ గిరికి ఈ నీటికీ గంగకూ లంకె ఉన్నట్టు కల వచ్చిందనీ, 1898లో కొద్దిమంది కాలినడకన అక్కడికి చేరారనీ చెబుతారు. 1972లో భారతదేశం నుంచి తెచ్చిన గంగాజలాన్ని అందులో కలిపారు. ఇప్పుడు మహాశివరాత్రికి తెల్లబట్టలు కట్టుకుని, అలంకరించిన కావళ్లు మోసుకుంటూ లక్షల్లో జనం వస్తారు. మొత్తం జనాభా పన్నెండు లక్షల పైచిలుకు ఉన్న దేశంలో ఇది చిన్న సంగతేమీ కాదు. పండగ లేని రోజుల్లో కూడా చెరువు మెట్ల మీద వెలిగించిన కర్పూరం, అగరొత్తి గుచ్చిన అరటిపండు, కొట్టిన కొబ్బరిచెక్క, ఆకులో కాసిని పువ్వులు కనబడతాయి. భక్తుడు లేచి నాలుగు మెట్లు ఎక్కేలోపు కోతి దిగుతుంది. ముందు అగరొత్తి పుల్ల పీకి పక్కన పారేస్తుంది, పండు ఒలిచి దవడ సంచిలో కుక్కుకుంటుంది, రెండో చేత్తో కొబ్బరిచెక్క అందుకుని గోడెక్కుతుంది. చూసేవాళ్లు ముచ్చటపడతారు. స్వామే ఆ రూపంలో వచ్చి ఆరగించాడనుకునేవాళ్లూ ఉంటారు. ఆ అరటిపండు సంగతి అక్కడితో తీరిపోయిందా అన్నదే ఇక్కడ నా ప్రశ్న. తీరలేదనే అంటాను. నైవేద్యం పెట్టినవాడి పూచీ ఆ అన్నం ఏ ప్రాణిగా మారుతుందో అక్కడిదాకా సాగుతుంది, దీవి మీద మరింత దూరం సాగుతుంది. ఈ మాటకు ఆధారం కోసం మన ఆచారం దాటి వెతకనక్కర్లేదు.

తెలుగువాళ్లకు ఇది ఎక్కడిదో పరాయి ముచ్చట కాదు. 1834లో మొదలైన ఒప్పందపు కూలీల వలసలో కోరంగి రేవు నుంచి, కోస్తా జిల్లాల నుంచి ఓడెక్కినవాళ్ల మునిమనవలు అక్కడ ఉన్నారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజన ఇప్పటికీ సాగుతున్నాయి. శివరాత్రికి చెరువు దారి పట్టేవాళ్లలో వాళ్లూ ఉంటారు. ప్రతి పూజ వెనకా ఒక వంట ఉంటుంది, ప్రతి వంట వెనకా ఎంతో కొంత మిగులు ఉంటుంది. మిగిలినదాన్ని ఎక్కడ పెట్టాలన్నది పెద్ద నేల మీద బతికేవాళ్లకు అంతగా తట్టని ప్రశ్న, ఎందుకంటే ఊరవతల ఎప్పుడూ మరో ఊరవతల ఉంటుంది. ఆ దీవి పాత కృష్ణా జిల్లాలో నాలుగో వంతు కూడా లేదు. దీవి మొత్తానికి చెత్త పూడ్చే చోటు ఒక్కటే, 1997లో తెరిచిన మార్ షికోజ్. అక్కడికి చేరే చెత్తలో పెద్ద వాటా వంటింటిదీ పెరటిదీ. అక్కడికి చేరనిది మెట్ల మీద, రోడ్డు పక్క డబ్బాల్లో, అడవి అంచున ఉండిపోతుంది. ఆ అడవి అంచుకూ గంగా తలావ్‌కూ మధ్య చెప్పుకోదగ్గ దూరం లేదు. 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ వనం ఆ పక్కనే మొదలవుతుంది.

ఆ అడవి ఎలాంటిదో తెలిస్తే తప్ప అరటిపండు బరువు తెలియదు. మనిషి రాకముందు మారిషస్ నేల మీద నడిచే క్షీరదం ఒక్కటీ లేదు, ఉన్నవల్లా గబ్బిలాలే. కొమ్మలెక్కి గుడ్లు దొంగిలించే చేతులనూ, మొదళ్ల వెంట పాకే మీసాలనూ ఎరగని పక్షులు లక్షల ఏళ్లు అక్కడ బతికాయి. 1598లో డచ్చివాళ్లు దిగారు. ఓడలతో ఎలుకలు, పందులు, ఆగ్నేయాసియా నుంచి పొడుగుతోక కోతులు వచ్చాయి. డోడోను చివరిసారి చూసినట్టు ఎక్కువమంది ఒప్పుకునే సంవత్సరం 1662. ఎలుకల్ని అణచడానికి 1900 ప్రాంతంలో మన దేశం నుంచి ముంగిసల్ని తెచ్చి వదిలారు, అవి పక్షుల మీద కూడా పడ్డాయి. ఇంతటి దెబ్బల తర్వాత మిగిలినవాటిలో గులాబి పావురం ఒకటి. లేత గులాబి ఒళ్లు, గోధుమ రంగు రెక్కలు, తుప్పు రంగు తోక. గూడు పేరుకే గూడు: నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి ఒకటో రెండో తెల్లటి గుడ్లు పెడుతుంది. 1990 ప్రాంతానికి అడవిలో మిగిలినవి పది దాకా. ఆ చివరి జంటలు గూళ్లు కట్టుకున్నది ఆ దక్షిణపు కొండల్లోనే, పరాయి దేశం నుంచి తెచ్చి నాటిన జపాన్ దేవదారుల గుంపులో. దట్టంగా, గుచ్చుకునేలా ఉండే ఆ కొమ్మల్లోకి కోతులు తేలిగ్గా చొరబడలేవనే అక్కడ గూళ్లు నిలిచాయంటారు. మారిషస్ వన్యప్రాణి సంస్థ, ప్రభుత్వ వనశాఖ, పక్షి సంరక్షకుడు కార్ల్ జోన్స్ వంటివాళ్లు దశాబ్దాలు కష్టపడితే ఇప్పుడవి కొన్ని వందలయ్యాయి. 1974లో నాలుగే మిగిలిన మారిషస్ డేగ, పదికి పడిపోయిన ప్రతిధ్వని చిలుక కూడా అలాగే గండం గట్టెక్కాయి. గట్టెక్కాయే గాని కాపలా తీసేస్తే నిలిచే బతుకులు కావవి.

ఇందులో ఎంగిలి మెతుకుల పాత్ర ఏమిటి? వేటాడే జంతువు వేట మీదే బతికితే వేట తగ్గినప్పుడు అదీ తగ్గుతుంది. పక్షులకు ఆ సందులో ఊపిరి అందుతుంది. కోతికీ ఎలుకకూ పిల్లికీ మనిషి విడిచిన తిండి ఏడాది పొడుగునా దొరుకుతుంటే ఆ లెక్క తప్పుతుంది. గుడ్లు దొరికినా దొరకకపోయినా వాటి సంఖ్య తగ్గదు. మెతుకులతో పొట్ట నింపుకున్న ఎలుక దారిలో కనబడ్డ గుడ్డును వదలదు. తిండికి లోటు లేని కోతి త్వరగా ఈడుకొస్తుంది, ఎక్కువ పిల్లల్ని బతికించుకుంటుంది. అంటే పక్షిని తిని బతుకుతున్న జంతువు కంటే, మన పళ్లెంలోది తిని బతుకుతూ దారిలో పక్షిని తినే జంతువు పక్షికి ఎక్కువ ప్రమాదం. గంగా తలావ్ అరటిపళ్ల వల్లే గూళ్లన్నీ పాడవుతున్నాయని నేననడం లేదు. అడవి కోతులకు చైనా జామ ఉంది, అది కూడా బయటి నుంచి వచ్చి అడవంతా అల్లుకున్నదే. నేనంటున్నది చిన్న మాట. ఏడాది పొడుగునా అందే ఏ తిండీ ఆ దీవి మీద అమాయకమైనది కాదు, గుడి మెట్ల మీద పెట్టినదైనా సరే.

ఇక్కడికి శాస్త్రం పని అయిపోయింది. ధర్మం ఏమంటుందో చూద్దాం. ప్రాణులు అన్నం వల్ల పుడతాయని గీత మూడో అధ్యాయం చెబుతుంది. తైత్తిరీయోపనిషత్తు ఇంకా ముందుకు వెళ్లి అన్నం నుంచే భూతాలు పుట్టి, అన్నంతోనే పెరిగి, చివరికి అన్నమే అవుతాయంటుంది. అన్నాన్ని నిందించకు, పారేయకు అని వ్రతంగా విధిస్తుంది. మనం వీటిని అన్నం గొప్పదనాన్ని పొగిడే మాటలుగా వింటాం, 'అన్నం పరబ్రహ్మ స్వరూపం' అని గోడ మీద రాసి పెట్టుకుంటాం. పొగడ్త పక్కన పెట్టి, ఉన్నదున్నట్టు జరిగే సంగతిగా తీసుకుంటే ఆ మాటలు చాలా గట్టివి. అన్నం పెట్టడం అంటే అప్పటికే ఉన్న ఒక ఆకలిని తీర్చడం ఒక్కటే కాదు, ముందుముందు పుట్టబోయే ఒళ్లకు ముడిసరుకు అందించడం కూడా. ఈ ఏడు మెట్ల మీది పళ్లు వచ్చే ఏటి కోతిపిల్లలు. పెట్టినవాడు దాత అయినంత నిజంగా, ఎంతోకొంత, సృష్టికర్త కూడా అవుతున్నాడు. పుట్టించినవాడికి పుట్టినదాని మీద పూచీ లేదని ఏ ధర్మశాస్త్రం అంటుంది? సంకల్పం చెప్పుకుని, ఆచమనం చేసి, ఫలం ఈశ్వరార్పణం అన్నంత మాత్రాన ఆ అర్పణ వెనక పుట్టుకొచ్చే ప్రాణుల లెక్క కూడా ఈశ్వరుడి ఖాతాలో పడదు.

దీనికి మొదటి అడ్డు ప్రశ్న మన ఇళ్లలోంచే వస్తుంది. గృహస్థు రోజూ చేయవలసిన అయిదు యజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి కదా, కాకికీ కుక్కకూ చీమకూ ముద్ద తీసి పెట్టాకే కదా మనం తినాలి, మరి కోతికి పెట్టవద్దంటే ధర్మాన్ని తలకిందులు చేయడం కాదా? ప్రశ్న న్యాయమైనది. భూతబలి తీరును కాస్త దగ్గరగా చూస్తే జవాబు అందులోనే కనబడుతుంది. అది పిడికెడు. ఇంటివాళ్లకు వండిన దాంట్లోంచి తీసినది, వాకిలి దాటి పోనిది, ఆ ఇంటి చుట్టూ బతికే ప్రాణులకు ఉద్దేశించినది. లెక్క ఉంది, చోటు ఉంది, ఎవరికన్నది ఉంది. గీత పదిహేడో అధ్యాయం సాత్విక దానానికి దేశం, కాలం, పాత్రత అని మూడు షరతులు పెట్టింది. మనం పాత్రత గురించి బోలెడు మాట్లాడుకుంటాం, కాలం పంచాంగం చూసుకుంటుంది, దేశం మాత్రం క్షేత్రమైతే చాలని వదిలేస్తాం. మన గుట్టల మీది గుళ్ల దగ్గర తిరిగే కోతులు ఈ నేలకు చెందినవి. వాటిని తినే చిరుతా, వాటికి భయపడే పక్షీ వేల తరాలుగా వాటిని ఎరిగినవే. (అక్కడ కూడా మనం పెట్టి చెడగొట్టిన మాట వేరే, పంట పోయిన తెలంగాణ రైతును అడిగితే చెబుతాడు.) అదే పండు, అదే భక్తి, అదే జాతి మనిషి, కాని దేశం మారింది. హిందూ మహాసముద్రం మధ్యలో, కోతిని ఎన్నడూ ఎరగని గూళ్ల పక్కన పెట్టిన దానం మొదటి షరతు దగ్గరే తప్పుతోంది. దీవిని ఒక దేశంగా, దానికంటూ ఒక ధర్మం ఉన్న చోటుగా చూడడం ఆ మూడు షరతుల్నీ సీరియస్‌గా తీసుకోవడమే.

రెండో ప్రశ్న శైవుల ఆచారం నుంచి వస్తుంది, ఇది మొదటిదానికంటే పదునైనది. పెట్టిన నైవేద్యాన్ని తిరిగి తీసుకుని ప్రసాదంగా పంచుకోమనడం వైష్ణవులకు సరే, శివ నిర్మాల్యాన్ని భక్తులు పట్టుకుపోకూడదంటారు కదా? గంగా తలావ్ శివక్షేత్రం, అక్కడ పెట్టింది అక్కడే వదలాలి కదా? ఆ నియమాన్ని చివరిదాకా చదివితే సంగతి వేరుగా ఉంటుంది. శివుడికి పెట్టినది ఎవరిదీ కాకుండా పోదు, అది చండీశ్వరుడి భాగం. మన శివాలయాల్లో గర్భగుడికి ఉత్తరం వైపు చిన్న గూడులో కూర్చుని ఉంటాడాయన. భక్తులు ఆయన ముందు చప్పట్లు కొట్టో, చిటికె వేసో, ఖాళీ చేతులు చూపించో స్వామి సొత్తు ఏదీ పట్టుకుపోవడం లేదని చెప్పుకుని వెళతారు. ఇందులో నాకు కనబడే విశేషం ఇది: గుళ్లో దీపానికీ వంటకూ అర్చనకూ బాధ్యులున్నట్టే, పూజ అయ్యాక మిగిలినదానికి కూడా ఆగమం ఒక అధిపతిని నియమించింది. మిగులును అనాథగా వదలలేదు. దేవతల్లో ఒకరిని దానికి కాపలా పెట్టింది. ఇంత జాగ్రత్త చూపిన సంప్రదాయం పేరు చెప్పి మెట్ల మీద పళ్లు గుట్టలుగా వదిలి కారెక్కి పోవడం చండీశ్వరుడి భాగాన్ని కోతికీ ఎలుకకూ దోచిపెట్టడమే. ఈ కాలంలో ఆయన పని చేయవలసింది ఆలయ నిర్వాహకులు. నిర్మాల్యాన్ని పొద్దుగూకేలోపు ఎత్తి, మూత ఉన్న తొట్టిలో వేసి, ఎరువుగా మార్చి బిల్వవృక్షాల మొదట్లో పోస్తే ఆగమానికి ఏ లోటూ రాదు. భక్తుడు దాన్ని ఇంటికి పట్టుకుపోయినట్టూ కాదు, పారేసినట్టూ కాదు.

మూడోది అహింస వైపు నుంచి. అన్ని ప్రాణుల్లోనూ ఉన్నది ఒకే ఆత్మ అయినప్పుడు కోతి ఆకలి కంటే పావురం గుడ్డు ఎలా ఎక్కువైంది? ఎక్కువని నేననను. సమదృష్టి అంటే రెండూ కంటికి ఆనాలి కదా. చేయి చాచి ఎదురుగా కూర్చున్న కోతి అందరికీ కనబడుతుంది. దాని కళ్లలో ఏదో మనిషి పోలిక ఉంటుంది, పైగా హనుమంతుడి పేరు దానికి అండ. కొండ మీద దేవదారు కొమ్మలో నాలుగు పుల్లల మీద కూర్చున్న పావురం చేయి చాచదు, గుడి దాకా రాదు, దాని పేరున స్తోత్రం లేదు. కనబడిన ప్రాణి మీదే జాలి పడడం సమదృష్టి కాదు, అది పక్షపాతం. హనుమంతుడి మాట ఎత్తారు కాబట్టి సుందరకాండలో మధువనం ఘట్టం గుర్తుచేస్తాను. సీత జాడ తెలిసిన సంబరంలో వానరులు సుగ్రీవుడి మధువనంలో జొరబడి తేనె తాగి చెట్లు విరిచి గోల చేస్తారు, కాపలా ఉన్న దధిముఖుణ్ణి కొడతారు. దధిముఖుడు వెళ్లి మొరపెట్టుకుంటే సుగ్రీవుడు కోప్పడడు, పని జరిగిందని గ్రహించి సంతోషిస్తాడు. చూశారా, కోతుల అల్లరిని రామాయణమే మన్నించింది అనవచ్చు. నిజమే. కాని ఆ వనం సుగ్రీవుడిది. తన తోట పాడైతే మన్నించే హక్కు ఆయనకుంది. గులాబి పావురాల అడవి మనది కాదు. అది పాడైతే మన్నించడానికి మనమెవరం? దధిముఖుడి మొర వినడానికి ఆ అడవికి ఒక సుగ్రీవుడు కూడా లేడు.

పక్షుల్ని కాపాడేవాళ్లే గింజలు పెడుతున్నారు కదా, వాళ్లకు లేని తప్పు మాకేమిటన్న ప్రశ్న కూడా ఉంది. పెడుతున్నారు. పావురాలకు గోధుమలు, మొక్కజొన్న నూక వేసే స్థావరాలు అడవిలో ఉన్నాయి. అడవి చెడి సహజమైన తిండి చాలక పెట్టవలసి వస్తోంది. కాని ఆ పెట్టడానికి ఉన్న తీరు చూడండి: ఏ పక్షికి, ఎంత, ఏ డబ్బాలో, ఇతర జంతువుల నోట పడకుండా ఎలా అన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. అయినా చిక్కు తప్పలేదు. ఒకేచోట మూగి తినే పావురాల మధ్య ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి పాకి గొంతుల్లో పుండ్లు పుట్టించి పిల్లల్ని చంపింది. ప్రాణి మేలు ఒక్కటే కోరి, లెక్క చూసుకుని పెట్టినా ఇంత ప్రమాదం ఉంటే, లెక్క లేకుండా పెట్టినదాని మాటేమిటి? మంచి ఉద్దేశం ఉంటే చాలదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం దొరకదు. మనసు శుద్ధిగా ఉంటే కర్మ అంటదనే వాదనకు కూడా ఇదే జవాబు. తెలియక చేసినప్పుడు ఆ మాట కొంత చెల్లుతుంది, తెలిశాక అదే పని చేస్తే ఉద్దేశం మునుపటంత శుద్ధిగా ఉండదు.

ఇక చరిత్ర. నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇదే. దీవి అడవుల్ని నరికింది కూలీలు కాదు. డచ్చివాళ్లు నల్ల కలపకోసం మొదలుపెట్టారు, ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ చెరకు కోసం పూర్తిచేశారు. బాగున్న స్థానిక అడవి ఇప్పుడు దీవిలో రెండు శాతం కూడా లేదు. కోతుల్ని తెచ్చింది కూలీలు కాదు, ముంగిసల్ని తెచ్చిందీ కూలీలు కాదు. చెమట ఓడ్చి, చెరకు తోటల మధ్య గంగను కల్పించుకున్నవాళ్లను ఇప్పుడు నీ పండు వల్ల పక్షి చస్తోందని నిలదీయడం ఏం న్యాయం? ఏడాదికి పది లక్షలకు పైగా పర్యాటకులు వస్తారు, వాళ్ల హోటళ్ల బఫేల్లో మిగిలేదానితో పోలిస్తే గుడి పళ్లు ఏపాటి? ఈ మాటల్లో ఒక్కటి కూడా కాదనలేను. తప్పు ఎవరిదన్న లెక్క తీస్తే భక్తుడి పేరు ఎక్కడో అడుగున ఉంటుంది. హోటల్ వంటింటి మీద చట్టం ఇంకా కఠినంగా ఉండాలి, మొదట అక్కడే ఉండాలి. కాని తప్పు లెక్క వేరు, పూచీ లెక్క వేరు. తండ్రి చేసిన అప్పు కొడుకు చేసిన తప్పు కాదు, అయినా ఇల్లు నిలబెట్టుకోదలచినవాడు తీర్చే దారి చూస్తాడు. పైగా హోటల్‌ను కదిలించేది జరిమానా ఒక్కటే, గుడికి మాత్రం తనవాళ్లకు వ్రతంగా చెప్పే నోరు ఉంది. కాలినడకన అంత దూరం ఉపవాసంతో వచ్చేవాళ్లకు, వచ్చేటప్పుడు తెచ్చిన పళ్లు పోయేటప్పుడు పంచుకోండని చెబితే అదొక బరువుగా తోచదనే నా నమ్మకం. ఆ చెరువు తమదని వందేళ్లకు పైగా నడిచి నిరూపించుకున్నవాళ్లకు దాని చుట్టూ ఉన్న కొండ కూడా తమదని చెప్పుకునే హక్కు ఉంది, నా మాట ఆ హక్కు వైపు నుంచే.

పెట్టడం కోతికైనా మేలా అన్నది అడిగితే, మేలు కాదని మరో దీవి చెబుతుంది. ఆస్ట్రేలియా తూర్పు తీరంలో ఉన్న ఆ దీవిని ఒకప్పుడు ఫ్రేజర్ దీవి అని పిలిచేవాళ్లు, 2023లో బుచుల్లా ప్రజల పాత పేరు గరి అధికారికంగా తిరిగొచ్చింది. అక్కడి అడవికుక్క డింగో. బుచుల్లా వాళ్లకు అది వోంగరి, ఆ ప్రజల బతుకులో పూర్వం నుంచీ తోడున్న జంతువు. పర్యాటకుల శిబిరాల్లో మిగిలినవీ, చేతి నుంచి అందినవీ తిని మనిషంటే బెరుకు పోయిన డింగోలు 2001 ఏప్రిల్‌లో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి చంపాయి. ఆ వెంటనే ముప్పై దాకా డింగోల్ని కాల్చేశారు. తరువాత శిబిరాలకు కంచెలు, డబ్బాలకు గట్టి మూతలు, తిండి పెట్టినవాళ్లకు భారీ జరిమానాలు వచ్చాయి. ముద్దుచేసి పెట్టిన చేతికి ఏమీ కాలేదు, తిన్నది చచ్చిపోయింది. మారిషస్ కోతులకు తుపాకీ కంటే మెల్లగా నడిచే దారి ఒకటుంది. ప్రయోగశాలలకు కోతుల్ని ఎగుమతి చేసే దేశాల్లో మారిషస్ ముందు వరుసలో ఉంది, ఏటా వేల కోతులు విమానమెక్కుతాయి. వాటి మీద వసూలు చేసే సుంకంలోంచి ప్రకృతి సంరక్షణ నిధికి డబ్బు పోతుంది. గుడి మెట్ల మీద దండం పెట్టించుకునే జాతి, పక్క లోయలో బోనులో పడి, పావురానికి ఖర్చుపెట్టే డబ్బుగా మారుతోందన్నమాట. ఇంతకంటే చిక్కుపడిన ధర్మసంకటం ఊహించడం కష్టం. అదే కోతి దాని స్వస్థలమైన ఆగ్నేయాసియాలో 2022 నుంచి అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. దీవిలో కోతులు మితిమీరాయన్న మాటే బోను వ్యాపారానికి పెట్టని కోట. కోతి మీద నిజమైన భక్తి ఉన్నవాడు ఆ మాట తన పళ్లతో బలపడకుండా చూసుకుంటాడు.

రేపటి నుంచి పెట్టడం మానేస్తే ఇన్నాళ్లు అలవాటుపడిన కోతులు ఆకలితో ఇళ్ల మీదా కూరతోటల మీదా పడతాయన్నది చివరి అభ్యంతరం, ఇది ఆచరణకు సంబంధించినది. పడతాయి. అందుకే మొదటి పని పళ్లెం దగ్గర కాకుండా డబ్బా దగ్గర మొదలవాలి. కోతి చేయి తెరవలేని గొళ్లెం ఉన్న డబ్బాలు, చీకటి పడేలోపు ఖాళీ చేసే మనుషులు, తడి చెత్తకు మూసిన ఎరువు తొట్లు ముందు ఏర్పడాలి, ఎందుకంటే రాత్రి అక్కడ పడివున్నది ఎలుక వాటా. ఆ తర్వాత నైవేద్యం పరిమాణం: గెలకు బదులు ఒక పండు, అదీ హారతి అయ్యేదాకా పెట్టిన మనిషి పక్కనే ఉండి, శివుడికైతే నిర్వాహకుల చేతికి, ఇతర దేవతల సన్నిధిలోనైతే పక్కవాళ్లకు అందేలా. శివరాత్రి దారి పొడవునా సేవాసంఘాలు యాత్రికులకు ఉచితంగా తిండీ పానీయాలూ అందిస్తాయి. అక్కడ గంగాళాల లెక్కన వండి మిగిల్చే అలవాటు తగ్గాలంటే ఏ శిబిరం ఏ పూట ఎంత వండుతుందో ముందుగా మాట్లాడుకోవాలి. మన అన్నదాన సత్రాల్లో పాత వంటవాళ్లు బంతికి ఇంతమందని లెక్కగట్టి ఎసరు పెట్టేవాళ్లు, అది పొదుపు కోసం పుట్టిన నేర్పే అయినా ఇక్కడ పనికొస్తుంది. కోతులకు తిండి తగ్గించడం నెలల మీద, మెల్లగా జరగాలి, పిల్లలు పుట్టే కాలంలో మొదలుపెట్టకూడదు. కష్టమైనవి శివరాత్రి వెళ్లిన తరువాతి వారాలు. లక్షల మంది విడిచినదాని మీద పది రోజులు మేసిన గుంపు, పదకొండో రోజు మెట్లు ఖాళీగా కనబడగానే అడవి వైపు తిరుగుతుంది. కాబట్టి మూతల పనీ, మనుషుల ఏర్పాటూ మాఘమాసం మొదలవకముందే అయిపోవాలి, డబ్బు సంగతి ఏ సంఘం ఎంత మోస్తుందో అంతకంటే ముందే తేలాలి.